కొట్టు బిళ్ళలు: చిల్లర దొరకని రోజుల్లో మా ముత్తాత ఇచ్చిన మాట

బరంపురంలో మా ఇంటి దేవుడి గదిలో ఒక ఇత్తడి దీపపు సెమ్మె ఉంది. పెద్ద పనితనం ఏమీ లేదు, జానెడు ఎత్తు, కాస్త ఒక పక్కకి ఒరిగినట్టు ఉంటుంది. చిన్నప్పుడు దాన్ని తోమమని మాకు ఇచ్చినప్పుడల్లా మామ్మ ఒకటే మాట అనేది: "జాగ్రత్తరా, అది మూడు వందల మంది చేతుల్లో తిరిగిన ఇత్తడి." మాకు అప్పట్లో ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి మామ్మ లేదు.

ఆ దీపం ఒకప్పుడు చిల్లర. మా ముత్తాతగారి కిరాణా కొట్టులో రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కానీకి బదులు ఇచ్చిన ఇత్తడి బిళ్ళల్ని కరిగించి పోయించినది. కరగకుండా మిగిలిన బిళ్ళల్ని మేము పదిహేనేళ్ళుగా వెతుకుతున్నాం. ఆ వెతుకులాటలో తెలిసినవి కొన్ని మాకు గర్వంగా అనిపించాయి, కొన్ని ఇబ్బంది పెట్టాయి. రెండూ ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఆ రోజుల డబ్బు సంగతి. మన పిల్లలకి రూపాయికి వంద పైసలే తెలుసు. 1957 ఏప్రిల్ 1 దాకా రూపాయికి పదహారు అణాలు, అణాకి నాలుగు కానీలు, కానీకి మూడు దమ్మిడీలు. అంటే రూపాయికి 64 కానీలు, 192 దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. మా వీధిలో ఒడియావాళ్ళు పావలాని 'సుకి' అనేవారు. కొట్టులో రెండు మాటలూ నడిచేవి. ఉప్పు, అగ్గిపెట్టె, తమలపాకులు, చటాకు నూనె, ఇలాంటివన్నీ కానీలు, దమ్మిడీల లెక్కలోనే. పేదవాడి బజారంతా ఆ రాగి ముక్కల మీదే నడిచేది. రూపాయి నోటు వాళ్ళ చేతికి ఎప్పుడో గానీ వచ్చేది కాదు.

చిల్లర ఎందుకు మాయమైంది? మా తాతల మాటల్లో దీనికి ఒకటే జవాబు: "జపాన్‌వాడు." అది సగమే నిజం. కథ అంతకుముందే, 1940లో మొదలైంది. ఆ ఏడు జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. కాగితం మీద నమ్మకం పోయి జనం వెండి రూపాయల కోసం ఎగబడ్డారు. అవసరానికి మించి నాణేలు దాచుకోవడం నేరమని సర్కారు ప్రకటించింది. అదే ఏడు కరెన్సీ ఆర్డినెన్సు తెచ్చి రూపాయి కాగితాన్ని మళ్ళీ బయటికి వదిలింది. అంతవరకు పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి ఉన్న రూపాయి సగం వెండికి దిగింది. 1943 మార్చిలో రెండు రూపాయల నోటు కొత్తగా వచ్చింది.

ఇంకోవైపు యుద్ధం ఖర్చుకి నోట్ల అచ్చు పెరిగిపోయింది. 1939లో సుమారు 180 కోట్ల రూపాయల నోట్లు చలామణిలో ఉంటే, 1945కి అవి 1,100 కోట్లు దాటాయి. నోటు పెరిగితే దాన్ని విడగొట్టడానికి చిల్లర కూడా పెరగాలి కదా. ఆ చిల్లరకి కావలసిన రాగి, నికెల్, తగరం అన్నీ యుద్ధానికే కావాలి. పైగా బొంబాయి టంకశాల మన అవసరాలు చూసుకుంటూనే 1942, 43లలో ఆస్ట్రేలియాకి పెన్నీలు, అర పెన్నీలు కూడా కొట్టి పంపింది. రాగి ధర పెరుగుతుంటే, కానీలో ఉన్న లోహం కానీ కంటే ఎక్కువ చేస్తుందనే లెక్కతో దాచినవాళ్ళు దాచారు, కరిగించినవాళ్ళు కరిగించారు.

ఇక మా ఊరి సంగతి. బరంపురం 1936 దాకా మద్రాసు రాజధానిలో ఉండి, ఆ ఏడు ఏప్రిల్ 1న కొత్తగా ఏర్పడ్డ ఒడిశాలోకి వెళ్ళింది. ఊరు కదలలేదు గానీ మేము 'బయటి తెలుగువాళ్ళం' అయ్యాం. మాకు పది మైళ్ళ దూరంలో గోపాల్‌పూర్ రేవు. అక్కడి నుంచే గంజాం, శ్రీకాకుళం వైపు జనం ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. అదే సమయంలో ఒడిశా తీరం పొడుగునా వర్తక నౌకలు మునిగాయి. బర్మా నుంచి కాలినడకన వచ్చినవాళ్ళు ఒకవైపు, ఊళ్ళు ఖాళీ చేసి పోతున్నవాళ్ళు ఇంకోవైపు. ఊరు వదిలేవాడు ముందు మూటగట్టేది చేతిలో ఉన్న నాణేలనే. అలా చిల్లర కుండల్లోకి, గోడల్లోకి, నేలలోకి పోయింది.

కొట్టుకి వచ్చినవాడు అణా ఇచ్చి కానీ ఉప్పు అడిగితే, తిరిగి మూడు కానీలు ఇవ్వాలి. లేవు. ఏం చెయ్యాలి? దేశమంతా తలోదారి వెతుక్కుంది. పోస్టు బిళ్ళలు చిల్లరగా తిరిగాయి. చేతులు మారి మారి, జిగురు పోయి, మురికి పట్టేవి. కాఠియావాడ్, రాజపుతానా సంస్థానాల్లో మోర్వీ, జునాగఢ్, నవానగర్, బూందీ, బికనేర్ లాంటివి అట్టముక్కల మీద అచ్చువేసి చిల్లర కూపన్లు ఇచ్చాయి. సంస్థానానికి దర్బారు ముద్ర ఉంది. బజారులో కొట్టువాడికి ఏముంది? అతని మాట ఉంది, అంతే.

మా ముత్తాతగారు మొదట అట్టచీటీలే ఇచ్చారట. అణాకి, అర్ధణాకి చీటీలు. అవి మాకు ఒక్కటి కూడా దొరకలేదు. ఉప్పు చేతులతో, నూనె చేతులతో పట్టుకునే కాగితం ఎన్నాళ్ళుంటుంది? మిగిలినవి చెదలు తిన్నాయి. కానీకి మాత్రం పాత ఇత్తడి గుండిగ ఒకటి తీసి, రేకుగా సాగగొట్టించి, గుండ్రంగా బిళ్ళలు కోయించారు. గంజాం జిల్లాలో ఇత్తడి పనివాళ్ళకి కొదవలేదు, బెల్లగుంఠ ఇత్తడి చేపలు ఇప్పటికీ పేరున్నవే. బిళ్ళకి ఒకవైపు తెలుగులో 'శ్రీ', రెండోవైపు చిన్న త్రాసు గుర్తు. అంతే.

మొదటి బిళ్ళ చేతికి వచ్చినప్పుడు మాకు అర్థం కానిది ఇదే. కొట్టు పేరు లేదు, ఊరు పేరు లేదు, కానీ అన్న మాట లేదు, కనీసం ఒక అంకె కూడా లేదు. ఎందుకు? ముత్తాతగారికి అక్షరాలు చెక్కించే ఖర్చు ఎక్కువై ఉంటుందని అనుకున్నాం. తర్వాత తెలిసింది, 1889లోనే బ్రిటిష్ సర్కారు మెటల్ టోకెన్స్ చట్టం తెచ్చిందని. డబ్బుగా వాడే ఉద్దేశంతో ఏ లోహపు ముక్కనైనా ప్రైవేటువాళ్ళు తయారు చేసినా, చలామణికి ఇచ్చినా నేరం. ఆ చట్టం స్వతంత్రం వచ్చాక కూడా ఉండి, చివరికి 2011 నాణేల చట్టంతో రద్దయింది. అంటే మా ముత్తాతగారు కొట్టు గల్లాలో పెట్టుకుని తిరిగింది చట్టం ఒప్పుకోని సరుకు. పేరూ విలువా లేని ఆ బిళ్ళ, అడిగితే "ఇది తూకం గుర్తండీ" అని చెప్పుకోవడానికి వీలుగా చేసినదేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. మన దేశంలో ఇలాంటి బిళ్ళలు గుర్తుపట్టడం కష్టం కావడానికి ఇదొక కారణం. చేసినవాడే తన పేరు చెప్పుకోలేదు.

ఈ తేడా ఎంతటిదో తెలియాలంటే అమెరికా వైపు చూడాలి. అక్కడ అంతర్యుద్ధం రోజుల్లో, 1862లో, ఇదే కరువు వచ్చింది. బంగారం, వెండి, చివరికి సెంటు నాణేలు కూడా దాచేశారు. అక్కడా ముందు పోస్టు బిళ్ళలే తిరిగాయి. జాన్ గాల్ట్ అనే ఆయన బిళ్ళని ఇత్తడి చట్రంలో పెట్టి, పైన అభ్రకం రేకు అమర్చి పేటెంటు తీసుకున్నాడు. ఆ వెంటనే వర్తకులు సెంటు సైజులో రాగి టోకెన్లు కొట్టించారు. మొత్తం రెండున్నర కోట్ల దాకా కొట్టారని అంచనా. వాటి మీద కొట్టు పేరు, వీధి, ఊరు, ఏం అమ్ముతారో కూడా ఉంటుంది. న్యూయార్కులో లిండెన్‌మ్యూలర్ అనే బీరు కొట్టు యజమాని పది లక్షలకు పైగా వదిలాడని చెబుతారు. ట్రాము కంపెనీవాళ్ళు తమ దగ్గర పోగుపడ్డవి తీసుకెళ్ళి మార్చమంటే నవ్వి పొమ్మన్నాడట. అటువంటివాటి వల్లే 1864లో చట్టం చేసి ప్రైవేటు నాణేలని ఆపేశారు. అక్కడ చట్టం టోకెన్ల తర్వాత వచ్చింది. మనకి యాభై ఏళ్ళు ముందే ఉంది. అందుకే వాళ్ళ టోకెన్లకి ఊరువారీ జాబితాలు, అరుదుతనానికి ఒకటి నుంచి పది దాకా వరసలు ఉన్నాయి. మన బిళ్ళలకి ఇంట్లోవాళ్ళ జ్ఞాపకమే జాబితా.

లిండెన్‌మ్యూలర్ కథ చదివిన రోజు మా ఇంట్లో ఒక ప్రశ్న లేచింది. మా ముత్తాతగారు బిళ్ళలన్నీ వెనక్కి తీసుకున్నారా?

జవాబు పాత చిట్టాలో దొరికింది. చిత్రభాను దీపావళి, అంటే 1942, నాడు 400 బిళ్ళలు వేసినట్టు రాశారు. 400 కానీలంటే ఆరు రూపాయల నాలుగణాలు. ఇంత చరిత్రకి మొత్తం పెట్టుబడి అంతే. 1943లో సర్కారు చిల్లు కానీ వదిలింది. రాగి కలిసి రావడానికి మధ్యలో పెద్ద బెజ్జం కొట్టి, పాత కానీ బరువులో సగం కూడా లేకుండా చేసిన నాణెం అది. లాహోర్‌లో కొత్త టంకశాల కూడా అదే ఏడు పని మొదలుపెట్టింది. అణా, బేడలు అంతకు ఏడాది ముందే నికెల్ ఇత్తడిలోకి మారాయి. మెల్లగా చిల్లర తిరిగి కనబడింది. స్వభాను సంక్రాంతి, అంటే 1944 జనవరి, నాటికి ముత్తాతగారు బిళ్ళలు వెనక్కి పిలిచారు. 331 వచ్చాయి. వాటితోనే దీపం. మిగిలినవి 69. ఆ 69ని ఆయన ఏ పద్దులో రాశారో చూసి మేము చాలాసేపు మాట్లాడలేకపోయాం. 'మనం ఇవ్వవలసినవి' అన్న పద్దులో రాశారు. రూపాయి, అణా, కానీ. ఆ బాకీ ప్రతి ఏడూ కొత్త చిట్టాలోకి ఎక్కుతూనే ఉంది, ఆయన పోయేదాకా.

ఇక్కడిదాకా మాకు నచ్చిన కథ. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాం, పెళ్ళిళ్ళలో చెప్పుకున్నాం. తర్వాత మా వెనక వీధిలో తొంభై దాటిన ఒక ఒడియా పెద్దావిడ ఆ కథ విని నవ్వింది. ఆవిడ మాట మా తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది: "మీ తాత మంచోడే బాబూ. కానీ ఆ బిళ్ళ మీ కొట్లోనే గదా చెల్లేది? పక్క కొట్లో ఉప్పు బాగున్నా మీ కొట్టుకే రావాలి. మా అమ్మ కొంగున నాలుగు మీ బిళ్ళలు కట్టుకుని తిరిగేది. ఆ నాలుగు కానీలూ మీ దగ్గర ఉన్నట్టా, మా దగ్గర ఉన్నట్టా?"

ఆ ప్రశ్నకి మా దగ్గర జవాబు లేకపోయింది. లెక్క చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. బిళ్ళ తీసుకున్నవాడు కొట్టుకి వడ్డీలేని అప్పు ఇచ్చినట్టే. బిళ్ళ పోతే నష్టం అతనిది, మిగులు కొట్టుది. పక్క ఊరివాడు, వలస పోయేవాడు, కూలికి వచ్చి వెళ్ళేవాడు దాన్ని మళ్ళీ తెచ్చి మార్చుకోలేడు. ఆ రోజుల్లో బియ్యం ధర ఎలా ఎగబాకిందో, 1943లో పక్కనున్న బెంగాల్‌లో ఎందరు ఆకలితో పోయారో తెలిసినవాళ్ళకి ఒక కానీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ముత్తాతగారు మోసం చెయ్యలేదు, చిట్టాయే సాక్ష్యం. కానీ కొనేవాళ్ళకి ఇంకో దారి లేదు, అదీ నిజమే. ఇన్నాళ్ళూ మేము కొట్టు గట్టు మీద నుంచే కథ చెబుతూ వచ్చాం. గట్టుకి ఇవతల నిలబడ్డవాళ్ళది వినలేదు.

అప్పటినుంచి మా సేకరణ తీరు మారింది. అంతకుముందు బిళ్ళ కనబడితే కొనేవాళ్ళం. పాత సామాన్ల కొట్లలో, ఇత్తడి తూకానికి కొనేవాళ్ళ దగ్గర వెతికేవాళ్ళం. ఇప్పుడు ముందు ఆ బిళ్ళ ఎవరి ఇంటిదో అడుగుతాం. ఆ ఇంటివాళ్ళే తెస్తే, ముత్తాతగారు ఇవ్వవలసింది ఇస్తాం. కానీ ఇప్పుడు లేదు కనుక, కానీకి వచ్చిన సరుకు ఇస్తాం: ఒక ఉప్పు పొట్లం. నవ్వు వస్తుంది గానీ, తీసుకున్నవాళ్ళెవరూ నవ్వలేదు. ఇవ్వడం ఇష్టం లేకపోతే బలవంతం లేదు. ఫొటో తీసుకుని, తూకం వేసి, వాళ్ళు చెప్పింది రాసుకుని వస్తాం. ఆ పెద్దావిడ పెట్టెలో మూడు ఉన్నాయి. ఇవ్వనంది. "మా అమ్మవి" అంది. అవి ఆవిడ దగ్గరే ఉండాలి.

ఒకసారి మా బిళ్ళే ఒకటి అమ్మకానికి కనబడింది, 'గుడి టోకెను' అని పేరు పెట్టి, మంచి ధర చెప్పి. 'శ్రీ' చూసి అలా అనుకున్నారు. కొందామని చిన్నాన్న, వద్దని నాన్న. "మన బాకీని మనం కొనుక్కుంటే బాకీ తీరినట్టు అవుతుందా?" అని నాన్న వాదన. చివరికి కొనలేదు గానీ, అది గుడిది కాదని, ఎక్కడిదో అమ్మేవాళ్ళకి రాసి పంపాం. ఇప్పటికి 23 బిళ్ళల ఆచూకీ దొరికింది. ఇంకా 46.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఉండే అవకాశం ఉంది. బళ్ళారిలో, షోలాపూర్‌లో, మదురైలో, మద్రాసులో కొట్లు, హోటళ్ళు, మగ్గాల షెడ్లు నడిపిన తెలుగు కుటుంబాలు ఎన్నో. పాత డబ్బాలో నాణెం కాని బిళ్ళ కనబడితే మా అనుభవంలో నాలుగు మాటలు.

మొదటిది, తోమకండి. చింతపండు పెట్టి మెరిపిస్తే అక్షరాలు అరిగిపోతాయి, వయసు చెప్పే రంగు పోతుంది. ఆకుపచ్చ చిలుము ఉంటే పొడిగుడ్డతో మెల్లగా తుడిచి, తడి తగలకుండా కాగితపు కవరులో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు.

రెండోది, అది ఏమిటో తొందరపడి తేల్చకండి. హోటల్లో టిఫిను బిళ్ళలు, మిల్లు క్యాంటీను బిళ్ళలు, కూలీల హాజరు బిళ్ళలు, దేవుడి బొమ్మలున్న రామటెంకెలు, అన్నీ పైకి ఒకేలా ఉంటాయి. తేదీ వేసిన నాణేలు అదే డబ్బాలో ఏవి ఉన్నాయో చూడండి. 1943 నుంచి 47 దాకా వచ్చిన చిల్లు కానీలు పక్కన ఉంటే ఒక ఆనవాలు.

మూడోది, చిట్టాలు పారెయ్యకండి. బిళ్ళ నోరు మెదపదు, చిట్టా మాట్లాడుతుంది. మా పిల్లల్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. వాళ్ళు లేకపోతే 'ఇవ్వవలసినవి' అన్న ఆ ఒక్క మాట మాకు దొరికేది కాదు. ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు ఉండగానే పాత పద్దులు చదివించుకోండి.

నాలుగోది, బిళ్ళ ఇచ్చినవాళ్ళ కథతోబాటు పుచ్చుకున్నవాళ్ళ కథ కూడా అడగండి. వాళ్ళు మన భాషవాళ్ళు కాకపోవచ్చు.

చిల్లర కరువు ఆ యుద్ధంతో పోలేదు. 1971లో కూడా చిన్న నాణేలు కరిగించడం, దాచడం నేరమని కేంద్రం ప్రత్యేకంగా చట్టం చెయ్యాల్సి వచ్చింది. చిల్లర బదులు కొట్టువాడు చాక్లెట్టు చేతిలో పెట్టడం మనమందరం చూసిందే. ఇంకా వెనక్కి వెళితే, 1817లో ఖుర్దా పైకుల తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో ఒకటి, కంపెనీ గవ్వలు కాదని వెండిలోనే శిస్తు కట్టమనడం. చిల్లిగవ్వ లేదని మనం ఇప్పటికీ అంటాం. గవ్వ పోయింది, కానీ పోయింది, బిళ్ళా పోయింది. ప్రతిసారీ అందరికంటే ముందు ఇబ్బంది పడింది చిల్లరతో బతికేవాళ్ళే.

కిందటి కార్తీకంలో దీపం వెలిగించాక మా అబ్బాయి చిట్టా తెచ్చి, పాత పద్దు కింద కొత్త పంక్తి రాశాడు. తెలుగులోనే రాశాడు, అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. 'ఇవ్వవలసినవి: 46.'